మిర్చి యార్డు లెక్కల నుంచి మ్యూచువల్ ఫండ్ పరీక్ష దాకా: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్‌లో ఊపిరాడదు. వేసవి దాటాక మాత్రం పని పలచబడుతుంది, చేతిలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఆదాయంగా మార్చుకుందామని మ్యూచువల్ ఫండ్ల వైపు వచ్చాను. పరీక్ష రాసి డిస్ట్రిబ్యూటర్ అవుతున్నానని కొట్లో చెప్పగానే "ఓహో, ఫైనాన్షియల్ అడ్వైజర్ అవుతున్నావన్నమాట" అన్నారు మా షావుకారు. విజిటింగ్ కార్డు మీద అదే వేయించుకోమని సలహా కూడా ఇచ్చారు.

ఆ మాట కార్డు మీద వేయించుకోకూడదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఫీజు తీసుకుని సలహా చెప్పేవాళ్లకు, పెట్టుబడి మార్కెట్లను అదుపుచేసే సెబీ 2013లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది. వాళ్లు సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ కావాలి. అందుకు ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ పెట్టే సిరీస్ 10-ఏ, 10-బి అని రెండు పరీక్షలు ఉన్నాయి. పాసవ్వాలంటే అరవై శాతం రావాలి, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. డిస్ట్రిబ్యూటర్ సంగతి వేరు. ఇతను ఫండ్ సంస్థ ఇచ్చే కమీషన్ మీద బతుకుతాడు. ఇతను రాయాల్సింది సిరీస్ 5-ఏ. వంద ప్రశ్నలు, రెండు గంటలు, యాభై వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. డిస్ట్రిబ్యూటర్లు 'ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్' అని పెట్టుకోవడాన్ని సెబీ 2020లో ఆపేసింది. కానీ ఊళ్లో ఇప్పటికీ సగం బోర్డుల మీద అడ్వైజర్ అనే ఉంటుంది. చదివేవాళ్లకు తేడా తెలియదు, రాయించుకున్నవాళ్లకు తెలిసినా పట్టదు.

నేను 5-ఏ ఎంచుకున్నాను. ఫీజు పదిహేను వందలు, జీఎస్టీ అదనం. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అయితే వర్క్‌బుక్ పీడీఎఫ్ వస్తుంది. అసలు తలనొప్పి దానికి ముందే మొదలైంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేర్ల గొడవ ఒకటుంది కదా. ఆధార్‌లో ఇంటిపేరుకు పొడి అక్షరమే ఉంటుంది. పాన్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి పూర్తిగా రాయించి ఉంటాం. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. నాకు మూడుచోట్లా మూడు రకాలు. మనిషికి తెలుస్తుంది ఇవన్నీ ఒకరివేనని, కంప్యూటర్‌కు తెలియదు. ఆధార్ సరిచేయించాకే ముందుకు కదిలాను. తర్వాత కస్టమర్ల కేవైసీలు చేయించేటప్పుడు కూడా ఎక్కువగా ఆగింది ఇక్కడే. 2024 ఏప్రిల్ నుంచి కేవైసీ స్టేటస్ 'వాలిడేటెడ్' అని ఉంటే ఏ ఫండ్‌లోనైనా హాయిగా పెట్టొచ్చు. 'రిజిస్టర్డ్' అని ఉంటే కొత్త సంస్థకు వెళ్లినప్పుడల్లా మళ్లీ కాగితాలు ఇవ్వాలి. 'హోల్డ్' అని ఉంటే ముందు అది తేలాలి. మీరు ఎవరికైనా ఫండ్ గురించి చెప్పబోయే ముందు వాళ్ల పాన్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు చదవండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

వర్క్‌బుక్‌లో పన్నెండు అధ్యాయాలు. ఇంగ్లీషు కష్టమేమీ కాదు, కానీ నిద్రొస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో పాత పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి, వాటితో చదవకండి. పన్నుల అధ్యాయమే చూడండి. 2024 జులై 23 నుంచి ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్ల మీద దీర్ఘకాల (ఏడాది దాటిన) లాభానికి ఏడాదికి లక్షా పాతిక వేలు దాటాక 12.5 శాతం పన్ను, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. పాత పుస్తకంలో లక్ష దాటాక పది శాతం, ఏడాదిలోపైతే పదిహేను శాతం అని ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ (బాండ్లలో పెట్టే) ఫండ్ల లాభమైతే ఎన్నాళ్లు ఉంచినా ఆదాయంలో కలిపి శ్లాబు ప్రకారం కట్టాల్సిందే. పాత పీడీఎఫ్ చదివిన మా స్నేహితుడు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల తీసేసి లాభం కట్టే పాత పద్ధతి) లెక్కలు కష్టపడి బట్టీ పట్టాడు, పాపం.

నాకు మొదట పట్టుబడింది ఎన్‌ఏవీ, అంటే ఫండ్‌లో ఒక్కో యూనిట్ (వాటా) విలువ. దానికి కారణం మా కోల్డ్ స్టోరేజీలు. నలుగురు కలిసి వంద టిక్కీల (బస్తాల) మిరపకాయలు కొని స్టోరేజీలో పెట్టారనుకోండి. టిక్కీకి నలభై కిలోల చొప్పున నలభై క్వింటాళ్లు. యార్డులో ఈరోజు ధర క్వింటా 15,000 అయితే సరుకు విలువ ఆరు లక్షలు. స్టోరేజీ అద్దె, హమాలీ బాకీ ఇరవై వేలు పోతే 5,80,000. దీన్ని పదివేల వాటాలు చేస్తే వాటా 58 రూపాయలు. రేపు ధర 16,000 అయితే వాటా 62. ఎన్‌ఏవీ అంటే అంతే. ఆస్తుల ఇవాళ్టి మార్కెట్ విలువకు రావాల్సినవి కలిపి, ఇవ్వాల్సినవి తీసేసి, యూనిట్లతో భాగించడం. సరుకు ఎంతకు కొన్నారన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు చూడండి. ఎన్‌ఏవీ పది రూపాయలున్న కొత్త ఫండ్ చవక, రెండొందలున్నది ఖరీదు అనుకునేవాళ్లు పట్టించుకోనిది ఇదే. పదివేలు పెడితే ఒకదాంట్లో వెయ్యి యూనిట్లు వస్తాయి, ఇంకోదాంట్లో యాభై. రెండిట్లో ఉన్న షేర్లూ పది శాతం పెరిగితే రెండూ పదకొండు వేలే. ఈ ముక్క పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న. బయట మాత్రం కొత్త ఫండ్ ప్రకటన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి చెబుతూనే ఉండాలి.

మూడో అధ్యాయం ఫండ్ నిర్మాణం గురించి. స్పాన్సర్, ట్రస్టు, ట్రస్టీలు, ఏఎంసీ (ఫండ్‌ను నడిపే కంపెనీ), కస్టోడియన్, రిజిస్ట్రార్. మొదటిసారి చదివినప్పుడు పేజీలు తిప్పేద్దామనిపించింది. ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొస్తున్నది అదే. మా వైపు స్థలాలు ఇస్తామని, రెట్టింపు చేస్తామని నెలనెలా డిపాజిట్లు కట్టించుకుని చేతులెత్తేసిన కంపెనీల దెబ్బ తిననివాళ్లు తక్కువ. మా పిన్ని కూడా ఒకదాంట్లో కట్టింది. నేను ఫండ్ల మాట ఎత్తగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న రాబడి గురించి కాదు.

"ఏరా, వాళ్లు బోర్డు తిప్పేస్తే నా డబ్బు ఎవడిస్తాడు?"

చాలా మంచి ప్రశ్న. ఏజెంట్లు దీన్ని దాటేసి గ్రాఫులు చూపిస్తారు. జవాబు ఆ మూడో అధ్యాయంలోనే ఉంది. డబ్బు ట్రస్టు పేరు మీద ఉంటుంది. ఏఎంసీ దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించి నిర్వహణ ఫీజు తీసుకుంటుంది, అంతేగాని సొంతదారు కాదు. కొన్న షేర్లు, బాండ్లు వేరే కస్టోడియన్ దగ్గర ఉంటాయి. ఎవరికి ఎన్ని యూనిట్లున్నాయో ఆ పద్దు ఇంకో సంస్థ రాస్తుంది. ఈ పద్దు రాసే రిజిస్ట్రార్లలో పెద్దవి రెండు. ఒకటి క్యామ్స్. రెండోది కేఫిన్ టెక్నాలజీస్, అది మన హైదరాబాద్‌దే. వీళ్లందరి మీదా సెబీ. డిపాజిట్ల కంపెనీలో డబ్బు తీసుకునేవాడు, ఖర్చుపెట్టేవాడు, లెక్క రాసేవాడు అందరూ ఒకడే. పిన్నికి ఇది కాగితం మీద గళ్లు గీసి చూపించాను. "అయితే పారిపోవడం కష్టమే" అంది. వెంటనే ఇంకో మాట కూడా చెప్పాను: "పారిపోరు పిన్నీ, కానీ విలువ తగ్గొచ్చు. తగ్గితే ఎవరూ పూడ్చరు." బ్యాంకు డిపాజిట్‌కైతే ఐదు లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది, దీనికి అదీ లేదు. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిది చెప్పడం మోసమే అని నా ఉద్దేశం.

బాండ్ల దగ్గర నేను కాస్త ఆగాను. వడ్డీరేట్లు పెరిగితే బాండ్ల ధర తగ్గుతుందని బట్టీ పట్టేయొచ్చు, మార్కు వచ్చేస్తుంది. ఎందుకని ఎవరైనా అడిగితే నోరు పెగలదు. అందుకని లెక్క వేసుకున్నాను. వంద రూపాయల ముఖవిలువ, ఏడు శాతం వడ్డీ, పదేళ్ల బాండు. మార్కెట్‌లో కొత్త బాండ్లు ఎనిమిది ఇస్తుంటే మీ ఏడు శాతం బాండును వందకు ఎవడు కొంటాడు? తగ్గించి అడుగుతాడు. ఆ తగ్గింపుతో కలిపి వాడికి ఎనిమిది గిట్టే ధర దాదాపు 93 రూపాయల 29 పైసలు. అదే కొత్తవాటి మీద రేటు ఆరుకు పడిపోతే మీ బాండు 107 దాటి పలుకుతుంది. గడువు ఎంత దూరం ఉంటే ఈ ఊపు అంత పెద్దది. రేట్లు మారితే బాండు ధర ఎంత ఊగుతుందో చెప్పే డ్యూరేషన్ అనే మాటకు అర్థం అక్కడ తెలిసింది. డెట్ ఫండ్ అంటే ఎఫ్‌డీ లాంటిదే అని చెప్పి అమ్మేవాళ్లు ఈ లెక్క ఒక్కసారైనా చేతితో వేస్తే బావుంటుంది. ఇది వడ్డీరేటు రిస్కు. అప్పు తీసుకున్న కంపెనీయే ఎగ్గొడితే అది క్రెడిట్ రిస్కు. ఈ రెండూ వేరు.

ఇక పిన్ని చీటీ సంగతి. మా వైపు ఎవరూ సంవత్సరానికి ఇంత శాతం అని మాట్లాడరు. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు. రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. బ్యాంకు ఎఫ్‌డీ ఏడు శాతం అంటే వీళ్ల లెక్కలో యాభై ఎనిమిది పైసలు. అలా చెప్పగానే మొహాలు మారిపోతాయి. పిన్ని వీధిలో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చీటీ వేస్తుంది, ఇరవై నెలలు. పాట పాడుకోకుండా ఆఖరిదాకా ఆగుతుంది. డివిడెండు పోగా సగటున నెలకు 4,300 కట్టింది, మొత్తం 86,000. ఆఖర్న చేతికి 95,000 వచ్చింది.

"ఇరవై నెలలకు తొమ్మిదివేలు. ఎంత, ఆరు శాతమేగా?" అన్నాడు మా బాబాయి, చీటీలంటే ఆయనకు పడదు.

కాదు. 86,000 మొదటిరోజే కట్టలేదు కదా, నెలనెలా కట్టింది. మొదటి వాయిదా డబ్బు పంతొమ్మిది నెలలు పనిచేసింది, ఆఖరిది ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఫోన్‌లో ఎక్సెల్ తెరిచి రేట్ ఫార్ములాలో వేస్తే నెలకు 1.03 శాతం వచ్చింది. అంటే రూపాయి వడ్డీకి కాస్త పైన, ఏడాదికి చక్రవడ్డీతో పదమూడు శాతం. పిన్ని గెలిచినట్టు బాబాయి వైపు చూసింది. పుస్తకంలో ఐఆర్‌ఆర్, ఎక్స్‌ఐఆర్‌ఆర్ అని రాసింది ఇదే. నెలనెలా ఫండ్‌లో కట్టే సిప్ రాబడి చూడాల్సింది కూడా ఇలాగే. పెట్టిన మొత్తం, వచ్చిన మొత్తం పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది.

నిజం చెప్పాలంటే నా వ్యాపారానికి ఆ జవాబు పనికొచ్చేది కాదు. పిన్ని చీటీ మంచిగానే గిట్టింది మరి. కానీ ఆ పదమూడు శాతం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాను. డబ్బు అవసరమై ముందే పాడుకున్నవాళ్లు వదులుకున్న సొమ్ము అది. వాళ్లలో ఇద్దరు కట్టడం మానేస్తే నడిపేవాళ్లు మీద వేసుకోవాలి. కంపెనీ చీటీ అయితే 1982 చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉంటుంది, ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) సెక్యూరిటీ కడతాడు. వీధి చీటీకి ఆవిడ మాటే సెక్యూరిటీ. రాబడి పక్కనే రిస్కు రాయకపోతే ఆ పదమూడుకు అర్థం లేదు.

పరీక్ష కోసం చివర్లో బట్టీ పట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి దారిలేదు. మార్కెట్ విలువ ప్రకారం మొదటి వంద కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్, 251 నుంచి స్మాల్. ఫండ్ రిస్కు ఎంతో చూపే రిస్కోమీటర్‌లో ఆరు మెట్లు. డబ్బు పెట్టే ఫారానికి కటాఫ్ వేళ ఈక్విటీ ఫండ్‌కు మధ్యాహ్నం మూడు, లిక్విడ్‌కు (తక్కువ గడువు అప్పుపత్రాల్లో పెట్టే ఫండ్) ఒకటిన్నర. ఫారం ఆ వేళకు ఇస్తే చాలదు, డబ్బు కూడా ఆలోపు ఫండ్ ఖాతాలో పడాలి. ఫండ్ సంస్థలు ఇచ్చే రెండు వివరాల పత్రాల్లో, ఎస్‌ఐడీలో ఏముంటుంది, ఎస్‌ఏఐలో ఏముంటుంది అన్నది ప్రశ్నలవాళ్లకు ఇష్టమైన చోటు. స్కీముకు సంబంధించిన సంగతులు మొదటిదాంట్లో, ఫండ్ సంస్థకూ చట్టానికీ సంబంధించినవి రెండోదాంట్లో ఉంటాయి.

పరీక్ష సెంటరులో నా చుట్టూ ఎక్కువమంది బ్యాంకుల కుర్రాళ్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు. ప్రశ్నలు వంకరగా ఉంటాయే కానీ కఠినం కాదు. 'కింది వాటిలో ఏది సరికాదు' అన్న చోట ఆ 'కాదు' చూడకుండా నొక్కేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. నెగెటివ్ లేదు కాబట్టి ఏదీ వదలక్కర్లేదు. ముగించగానే ఫలితం తెరమీద కనిపిస్తుంది. సర్టిఫికెట్‌కు మూడేళ్ల గడువు, అది తీరేలోపు సీపీఈ (రిఫ్రెషర్) క్లాసుకు వెళ్లాలి లేదా పరీక్ష మళ్లీ రాయాలి.

పాసవగానే పని మొదలైపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఒక్క ఫారం కూడా వేయలేరు. ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీలో నమోదై డిస్ట్రిబ్యూటర్‌గా ఏఆర్ఎన్ నంబరు, దాంతోపాటు అమ్మే మనిషిని గుర్తించే ఈయూఐఎన్ నంబరు తెచ్చుకోవాలి. ఆ పై ప్రతి ఫండ్ సంస్థతో విడివిడిగా ఎంప్యానెల్ కావాలి, అంటే వాళ్ల జాబితాలో చేరాలి. ఒక్కో సంస్థకు ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డ్. పరీక్ష కన్నా ఇదే ఎక్కువ విసిగించింది.

కమీషన్ గురించి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. కస్టమర్ డబ్బు పెట్టేటప్పుడే కోసుకునే ఎంట్రీ లోడ్‌ను 2009 ఆగస్టులో తీసేశారు. 2018 అక్టోబరు నుంచి ముందస్తు కమీషన్ కూడా లేదు. కస్టమర్ డబ్బు ఫండ్‌లో ఉన్నంతకాలం వచ్చే ట్రెయిల్ కమీషన్ మీదే ముఖ్యంగా ఆధారం. ఒకాయన నెలకు ఐదువేల సిప్ మొదలుపెట్టాడు, ట్రెయిల్ ఒక శాతం అనుకుందాం. మొదటి ఏడాది ఆయన ఖాతాలో సగటున ఉండేది ముప్ఫై రెండున్నర వేలు. నాకొచ్చేది 325 రూపాయలు. ఏడాదికి! ఆయన ఇంటికి రెండుసార్లు బండి మీద వెళ్లొస్తే పెట్రోలుకు పోతుంది. మా షావుకారుకు ఈ లెక్క చెబితే "దీనికన్నా రెండు టిక్కీలు కొని దాచుకోరాదూ" అన్నారు. పదేళ్లపాటు వంద సిప్‌లు ఆగకుండా నడిస్తే లెక్క వేరుగా ఉంటుంది, కానీ ఆ పదేళ్లూ ఇల్లు గడవాలిగా. ఉద్యోగం మానేసి ఇందులోకి దూకే ఆలోచన ఉంటే ముందు ఈ 325ను కాగితం మీద రాసుకోండి.

2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్ అని ఒకటుంది. అందులో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఉండదు, అందుకే ఖర్చు తక్కువ. ఈ సంగతి కస్టమర్‌కు నేనే చెబుతాను. తనంతట తాను చూసుకోగలిగినవాళ్లు అటు వెళ్తారు, మా స్నేహితుడే వెళ్లాడు. ఫారం నింపడం, నామినీ పేరు రాయించడం, మార్కెట్ పడ్డప్పుడు రాత్రి పదింటికి ఫోనెత్తడం కావాలనుకునేవాళ్లు నా దగ్గర ఉంటారు. పిన్ని చీటీ మానలేదు. మానమని నేనూ అనలేదు. వచ్చిన తొంభై ఐదువేలలో కొంత లిక్విడ్ ఫండ్‌లో వేసి, దాన్నుంచి నెలకు రెండువేల చొప్పున, మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌కు మళ్లేలా ఎస్‌టీపీ పెట్టించుకుంది. నెలనెలా స్టేట్‌మెంట్ రాగానే నాకు ఫోన్ చేసి, "ఈ నెల ఎన్ని పైసల వడ్డీ పడ్డట్టురా?" అని అడుగుతుంది. కొన్ని నెలలు తగ్గిన లెక్కే చెప్పాల్సి వస్తుంది, చెబుతాను.

వచ్చే ఖాళీ నెలల్లో 10-ఏ పుస్తకం మొదలుపెట్టాలనుంది. అందులో ఒక్కో కుటుంబం కథ ఇచ్చి, దాని మీద ప్రశ్నలడుగుతారు. నెగెటివ్ మార్కులున్నాయి కాబట్టి ఈసారి ఊహించి నొక్కడం కుదరదు.